సుమతి పద్యంలో "నెపమెన్నక" అంటే ఏమిటి?

అందరికీ నమస్కారం. చిన్నప్పుడు బట్టీపట్టిన పద్యం ఒకటి ఈమధ్య మళ్ళీ చదువుతూ ఒక మాట దగ్గర ఆగిపోయాను.

ఉపకారికి నుపకారము
విపరీతము గాదు సేయ వివరింపంగా
నపకారికి నుపకారము
నెపమెన్నక సేయువాఁడు నేర్పరి సుమతీ

"విపరీతము గాదు" అంటే వింత కాదని. ఇవాళ విపరీతం అంటే "మరీ ఎక్కువ" అని వాడుతున్నాం కాబట్టి పిల్లలకు ఆ ఒక్కటి విడమరిచి చెప్పాలి, అంతే. నా సందేహం "నెపమెన్నక" దగ్గర. తప్పులెంచకుండా అని అర్థం చెబుతారు. ఎన్ను అంటే లెక్కపెట్టు, ఎంచు. "తప్పులెన్నువారు తండోపతండంబు" అన్న వేమన పద్యంలో ఉన్నదీ ఇదే. మరి నెపం? "ఏదో ఒక నెపంతో వచ్చాడు" అంటే సాకు. "నెపం నా మీదికి నెట్టాడు" అంటే నింద. ఈ రెండూ పెట్టి చదివితే పద్యం రెండు రకాలుగా పలుకుతోంది. అతని తప్పు లెక్కపెట్టకుండా మేలు చేయడం ఒకటి. మేలు చేయకుండా తప్పించుకోవడానికి నేను సాకు వెతుక్కోకపోవడం ఇంకొకటి. మొదటిది అతని వైపు చూస్తుంది, రెండోది నా వైపు.

కందంలో ప్రాస కుదరాలంటే రెండో అక్షరం "ప" కావాలి. ఉప, విప, అప, నెప. ప్రాస కోసమే వేసిన మాట అనుకుందామన్నా నాకు మనసొప్పడం లేదు. ఎందుకంటే కొన్నేళ్ళ కిందట పనిచేసేచోట ఒకరు తమ పొరపాటు నెపం నా మీదికి నెట్టారు. ఆ మనిషికి ఒక అవసరం వచ్చినప్పుడు నేను చేయగలిగిన చిన్న సాయం కూడా చేయలేదు. "నాకు తీరిక లేదు" అన్నాను. నిజానికి ఆ రోజు తీరికగానే ఉన్నాను. ఆయన నెపం నింద, నాది సాకు.

ఒక సభ్యుడి జవాబు: మంచి చోట ఆగారు. "నేర్పరి" కూడా చూడండి. మంచివాడు, పుణ్యాత్ముడు అనలేదు. నేర్చు, నేర్పు, నేర్పరి. పని చేయగా చేయగా చేయి తిరిగినవాడికి వాడే మాట అది. పుట్టుకతో వచ్చే గుణంగా కాక, సాధనతో వచ్చే విద్యగా చెప్పాడు కవి.

ఒక సభ్యురాలి జవాబు: చదవడానికి బాగుందండీ. కానీ దెబ్బతిన్నవాళ్ళకి ఇలాంటి పద్యాలు చెప్పి నోరు మూయించడం చూశాను. క్షమించడమంటే మళ్ళీ వెళ్ళి వాళ్ళతో కలిసిపోవడమేనా?

నా జవాబు: మీ మాట నిజమండీ. ఇది ఎవరికి వారు చెప్పుకోవలసిన పద్యం, గాయపడ్డవాళ్ళకి అప్పజెప్పేది కాదు. మీ ప్రశ్నకు వేమనలోనే జవాబు ఉందనిపిస్తుంది. చంపదగినట్టి శత్రువు చేతికి చిక్కినా కీడు చేయరాదంటూ, "పొసగ మేలు చేసి పొమ్మనుటే చాలు" అన్నాడు. పొమ్మను అన్నాడు, ఇంట్లో కూర్చోబెట్టుకో అనలేదు. మేలు చేయాలి, దూరం ఉంచుకోవాలంటే ఉంచుకోవచ్చు. ఆ "చాలు"లో ఎంత ఊరట ఉందో!

ఇంకో మాట. మన్నించు అనే క్రియకు గౌరవించు, క్షమించు అని రెండర్థాలున్నాయి. "నా మాట మన్నించు", "నా తప్పు మన్నించు". తప్పు చేసిన మనిషిని తప్పుకు కుదించేయకుండా మనిషిగానే చూడడం ఆ మాటలో ఇమిడి ఉందని నా నమ్మకం.

అదే సభ్యురాలు: సరే. మరి "పోనీలే, దేవుడే చూసుకుంటాడు" అంటాం కదా, అది మన్నింపేనా?

నా జవాబు: నేనూ చాలాకాలం అదే అన్నాను. కాదండీ, చాలాసార్లు అది దేవుడికి ఇచ్చే ఫిర్యాదు. మనం కొట్టలేని దెబ్బ ఆయన్ని కొట్టమనడం. తెలుగు బైబిల్లో మత్తయి సువార్త 5:44 చూడండి: "మిమ్మును హింసించు వారికొరకు ప్రార్థన చేయుడి." "కొరకు" అన్న ఆ చిన్న మాటే కీలకం. ఫిర్యాదు ఒకరి మీద చేస్తాం, ప్రార్థన ఒకరి కోసం చేస్తాం. ఏ మతం వాళ్ళమైనా, మన ప్రార్థనలో ఉన్నది "మీద"నా, "కోసం"నా అని చూసుకుంటే మనకే తెలిసిపోతుంది.

నేను చెప్పిన ఆ మనిషి కోసం ప్రార్థించాలని కూర్చున్న మొదటి రోజు పేరు ఒక్కటే పలకగలిగాను. ఏం కోరాలో తెలియలేదు. వారం పోయాక "ఆయనకు మంచి నిద్ర పట్టాలి" అన్నాను. అంతకు మించి ఇప్పటికీ రావడం లేదు. రోజూ అదే అడుగుతున్నాను.