76 ఏళ్ల మామ్మగారికి కీమో: ఇప్పించాలా, వద్దా?

గోదారిగట్టు: అమలాపురం దగ్గర, మా పక్కింటి మామ్మగారు. 76 ఏళ్లు, 45 కిలోలు. పెద్దపేగు క్యాన్సర్, మూడో స్టేజి, ఆపరేషన్ అయింది. మళ్లీ రాకుండా ఆక్సాలిప్లాటిన్ సెలైన్, కేపసిటబిన్ మాత్రలు రెండూ పెడతామంటున్నారు. ఏమంటారు?

లంకమాను: వద్దండి. ఉన్న నాలుగు రోజులూ మంచాన పడేస్తారు.

వరిమడి: వయసు పక్కన పెట్టండి. కిడ్నీల పని చెప్పే రక్తపరీక్ష, క్రియాటినిన్ ఎంత?

గోదారిగట్టు: 1.1. ల్యాబ్‌లో నార్మలే అన్నారు.

వరిమడి: ఆ నార్మల్‌తోనే చిక్కు. వయసు, బరువు కలిపి లెక్క కట్టాలి. 140లోంచి 76 తీస్తే 64, ఇంటూ 45 కిలోలు 2880. దాన్ని 72 ఇంటూ 1.1తో భాగిస్తే 36. ఆడవాళ్లకి 0.85తో హెచ్చిస్తే 31. కిడ్నీలు నిమిషానికి వడకట్టేది అన్ని మిల్లీలీటర్లే! 30-50 మధ్య ఉంటే కేపసిటబిన్ డోసు పావువంతు కొయ్యాలి, 30 దిగితే ఇవ్వనే కూడదు. రెండ్రోజులు విరేచనాలైతే చాలు, దిగిపోతుంది.

లంకమాను: నేనన్నదీ అదేగా, వద్దని!

వరిమడి: కాదు మహాప్రభో. 70 దాటినవాళ్లకి ఆక్సాలిప్లాటిన్ కలిపితే అదనపు లాభం స్పష్టంగా తేలలేదు. పైగా అరికాళ్లు మొద్దుబారి, తడి నూతిగట్టు మీద పడితే తుంటి విరుగుతుంది. అది తీసేసి, మాత్రలొక్కటే తగ్గించి ఇమ్మని అడగండి. ఆర్నెల్లలో ఎప్పుడైనా పడ్డారా, చెవులు వినిపిస్తాయా, మాత్రలు తనే వేసుకుంటారా? ఇవీ డాక్టరుకి చెప్పాలి.

కొబ్బరాకు: ఆరోగ్యశ్రీలో, అదే ఇప్పటి ఎన్టీఆర్ వైద్య సేవలో వస్తుందా?

సిస్టరమ్మ: వస్తుంది, అప్రూవల్ ఆస్పత్రివాళ్లే పెడతారు. మాత్రలు అన్నం తిన్న అరగంటలోపు వేసుకోవాలి, 14 రోజులు వేసి 7 రోజులు ఆపాలి. విరేచనాలు రోజుకి మామూలుకన్నా ఇంకో నాలుగుసార్లు ఎక్కువైతే మాత్ర ఆపి ఫోన్ చెయ్యాలి. అరచేతులు ఎర్రబడి మండినా అంతే. జ్వరం 100.4 తగిలితే పారాసిటమాల్ వేసి తెల్లారేదాకా చూడొద్దు, రాత్రయినా బయల్దేరాలి.

లంకమాను: లెక్కలు మీవి, పడేది ఆవిడ.

వరిమడి: అయితే ఆవిడనే అడగండి!

గోదారిగట్టు: ఆవిడకి చెప్పలేదండి. పేగులో పుండన్నారు.

వరిమడి: పుండుకి మాత్రేసుకుంటున్నానని అనుకునే మనిషి, విరేచనాలైతే మాత్ర ఎందుకు ఆపుతారు? సగ్గుబియ్యం జావ తాగి, మాత్ర కూడా మింగేస్తారు.

లంకమాను: చెబితే బెంగతోనే పోతారు. మీకు మనుషులు తెలీదు.

సిస్టరమ్మ: వార్డులో పక్క మంచం వాళ్లు మొదటిరోజే చెప్పేస్తారండి.

వరిమడి: ఆపరేషనై ఎన్ని వారాలు? ఎనిమిది దాటకుండా మొదలెట్టాలి.

గోదారిగట్టు: ఆరోది నడుస్తోంది. పెద్దబ్బాయి మాత్రం చెప్పడానికి ఒప్పుకోవట్లేదు.