నాన్న హార్మోన్ ఇంజక్షన్ డేట్ దాటిపోతోంది, బోర్డర్ దాటనివ్వట్లేదు (మే 2021)

రఘు, కర్నూలు: పొద్దున్నుంచి ఫోన్లు చేసి చేసి విసుగొచ్చేసింది. నాన్నకి ప్రొస్టేట్ క్యాన్సర్, ఇంజక్షన్ ఈ వారం పడాలి, ఎప్పుడూ హైదరాబాదే తీసుకెళ్తాం, ఈసారి తెలంగాణ బోర్డర్‌లో పుల్లూరు టోల్‌గేట్ దగ్గర ఆపేసి లాక్‌డౌన్ ఈ-పాస్ ఏదన్నారు, వెనక్కొచ్చేశాం. హాస్పిటల్లో ఫోన్ ఎత్తట్లేదు. లేటయితే ఏమవుద్దో ఎవరైనా చెప్పండి ప్లీజ్

సుజాత: ఏ ఇంజక్షన్? నెలదా, మూడు నెలలదా?

వెంకట్: అసలు వాళ్లెవరండీ ఆపడానికి? 2014 రాష్ట్ర విభజన చట్టం ప్రకారం హైదరాబాద్ పదేళ్లు ఉమ్మడి రాజధాని, అంటే 2024 దాకా మనకీ హక్కుంది. 14న తెలంగాణ హైకోర్టు స్టే కూడా ఇచ్చింది. ఇంత జరిగినా మన నాయకులు నోరెత్తరే!

నరేష్: ఆ స్టే అంబులెన్సులని ఆపడం మీద. కారుకి పాస్ కావాలి.

పద్మ: కీమో జరిగేవాళ్లని ఈ టైంలో హాస్పిటల్‌కి తిప్పకండి బాబూ, ఇమ్యూనిటీ అస్సలుండదు

సుజాత: పద్మగారూ ఇది కీమో కాదు. హార్మోన్ ఇంజక్షన్ ఈ క్యాన్సర్‌ని పెంచే మగ హార్మోన్ టెస్టోస్టెరాన్‌ని తగ్గిస్తుంది, కీమోలాగా తెల్ల రక్తకణాలు పడిపోవు. ఆ భయంతోనే చాలామంది మానేస్తున్నారు, దయచేసి అలా చెప్పకండి.

పద్మ: క్యాన్సర్‌కి ఎక్కించేదాన్ని అందరూ కీమో అనే అంటారు కదమ్మా

కిరణ్: ఈ ఇంజక్షన్ తీసుకునేవాళ్లకి కరోనా తక్కువొస్తుందని ఇటలీలో చూశారంట, అదృష్టమే

నరేష్: అది నమ్ముకుని మాస్క్ తీయొద్దు.

రఘు: ఇంజక్షన్ పేరు గోసెరెలిన్, 3.6 మి.గ్రా. అనుంది పాత డబ్బా మీద. బైకాలుటమైడ్ అని ఇంకో హార్మోన్ మాత్ర కూడా వేసుకుంటారు

సుజాత: 3.6 అంటే 28 రోజులది. ఒకట్రెండు రోజులు అటూ ఇటూ అయితే కంగారొద్దు, వారాలు దాటితే మాత్రం టెస్టోస్టెరాన్ మళ్లీ పెరగొచ్చు. మాత్ర మీ అంతట మీరు ఆపకండి. పొట్ట చర్మం కింద లావు సూదితో పెట్టేది, దానికి హైదరాబాదే వెళ్లక్కర్లేదు, పాత చీటీ తీసుకుని కర్నూల్లోనే యూరాలజిస్టుని అడగండి. 12 వారాలకోసారి వేసే 10.8 ఉంది, దానికి మార్చొచ్చేమో కూడా అడగండి, ఈ తిరుగుడు తగ్గుతుంది. మందు 25 డిగ్రీలు దాటకుండా ఉంచాలి, ఈ ఎండల్లో కారులో పెట్టుకుని తిరగొద్దు.

వెంకట్: ఉమ్మడి రాజధాని సంగతి ఎవరూ మాట్లాడరేం?

లక్ష్మి: మా అమ్మ బ్రెస్ట్ క్యాన్సర్‌కి లెట్రోజోల్ అనే హార్మోన్ మాత్ర వాడుతోంది, కరోనా వ్యాక్సిన్ కోసం ఆపాలా?

సుజాత: ఆపక్కర్లేదమ్మా, వేయించండి.

రఘు: ఇక్కడే ఒక డాక్టరు రేపు రమ్మన్నారు. థాంక్స్ అక్కా