నామ్‌సాన్ కొండ మీద బోర్లా పడున్న బుద్ధుణ్ణి లేపి నిలబెట్టాలా, వద్దా?

కొండదారి:
దక్షిణ కొరియా గ్యోంగ్‌జు పక్కన నామ్‌సాన్ ఉంది కదా, సిల్లా అనే పాత కొరియా రాజ్యం కాలం నుంచీ పవిత్రమైన కొండ, ఎటు చూసినా రాతి బుద్ధులూ స్థూపాలే, 2000లో యునెస్కో లిస్టులోకి కూడా ఎక్కింది. 2007లో అక్కడ యోరమ్‌గోక్ లోయలో ఇంకో విగ్రహం పని చేస్తుంటే 70 టన్నులకి పైగా ఉన్న బండ బయటపడింది, దాని అడుగున చెక్కిన బుద్ధుడు నేలకేసి పడున్నాడు. ముక్కుకీ కింద రాయికీ మధ్య 5 సెంటీమీటర్లే ఖాళీ! జోగ్యే బౌద్ధ సంఘం వాళ్ళు లేపి నిలబెడదాం అంటున్నారు. నేను మాత్రం వద్దనే అంటా. ఇన్ని వందల ఏళ్ళు అలా పడుంది కాబట్టే ఆ మొహం వానకీ మంచుకీ అరిగిపోకుండా మిగిలింది.

పద్మజ_వైజాగ్:
మీరు శిల్పంగా చూస్తున్నారండి, వాళ్ళకి ఆయన బుద్ధుడు. మన ఊరి పొలంలో విగ్రహం బయటపడితే బోర్లా వదిలేసి చుట్టూ కంచె వేసి ఊరుకుంటామా? అదే లోయలో కూర్చున్న బుద్ధుడి తల 2005లో దొరికితే అతికించి బాగుచేశారు కదా. నాగార్జునసాగర్ నీళ్ళొస్తున్నాయని మనవాళ్ళు నాగార్జునకొండ కట్టడాల్నే కొండపైకీ అనుపుకీ తరలించారు.

సివిల్_గుంటూరు:
పద్మజ గారూ, అక్కడ ఇటుక ఇటుకా విప్పి మళ్ళీ పేర్చారు, ఇది ఒకటే బండ, విప్పడానికేం లేదు, పగిలితే ఇక అంతే. పైగా ఏటవాలు, పెద్ద క్రేన్ వెళ్ళే దారి కూడా లేదు. గ్యోంగ్‌జులోనే సొక్కురామ్ గుహాలయం చూడండి, 1913-15లో జపాన్ వాళ్ళు రిపేరు అని విప్పి సిమెంటు పోశారు, తర్వాత తేమ సమస్య పట్టుకుని దశాబ్దాలు వదల్లేదు, ఇప్పటికీ జనం అద్దం ఇవతల నుంచే దణ్ణం పెట్టుకోవాలి. తొందరపడి చేసిన మంచి పని ఎలా తిరగబడుతుందో అక్కడే ఉంది.

పద్మజ_వైజాగ్:
తొందరపడమని నేనూ అనట్లేదు. కానీ కదపకపోతే భద్రం అని ఎలా అంటారు? 2016లో అదే గ్యోంగ్‌జులో 5.8 భూకంపం వచ్చింది, ఇంకోటొచ్చి బండ కాస్త జారితే ఆ 5 సెంటీమీటర్లు మిగులుతాయా?

సివిల్_గుంటూరు:
ఆ మాట ఒప్పుకుంటా. అందుకే ముందు బండ జారకుండా కింద గట్టి చెయ్యాలి, అది ఇప్పుడే. లేపడం సంగతికొస్తే అంతే బరువున్న మామూలు బండని అలాంటి వాలు మీదే లేపి చూపించాలి, అది పగలకుండా నిలబడేదాకా బుద్ధుణ్ణి ముట్టుకోకూడదు.

కొండదారి:
అది నిలబడినా నా ఓటు వద్దనే అన్నా. లేపాక పైన కప్పు వేస్తారా, వానకి వదిలేస్తారా, అది ముందు చెప్పమనండి.