యార్నెల్ హిల్ స్మారక దారి: అమ్మానాన్నలతో వెళ్లొచ్చా?

ప్రశ్న: అరిజోనాలో 2013 జూన్ 30న యార్నెల్ హిల్ కార్చిచ్చులో 19 మంది అగ్నిమాపక సిబ్బంది చనిపోయిన చోటికి వెళ్లాలనుంది. ఈ జూన్‌లో అమ్మానాన్నలు వస్తున్నారు. నడవగలరా?

జవాబు: జూన్‌లో వద్దండి, చలికాలంలో పెట్టుకోండి. వ్యూ పాయింట్‌కి 2.85 మైళ్లు, దాదాపు 1200 అడుగుల ఎత్తు ఎక్కాలి. అక్కణ్ణుంచి 0.75 మైలు దిగితే ఆ స్థలం. దిగినదంతా తిరిగి ఎక్కాలి, చాలామందికి నీళ్లు అయిపోయేది అక్కడే. దారిలో నీళ్లు దొరకవు, నీడా లేదు. మనిషికి కనీసం మూడు లీటర్లు పెట్టుకోండి.

జవాబు: పెద్దవాళ్లను వ్యూ పాయింట్ దాటించకండి. ఆ రోజు అగ్నిమాపక సిబ్బంది ఉన్న కొండ గట్టు అప్పటికే కాలిపోయింది కాబట్టి సురక్షితం. అది వదిలి పొదల లోయలోకి దిగారు, ఉరుముల మేఘాల గాలి మంటను అటే తిప్పింది. పైనుంచి చూస్తే ఇది స్పష్టంగా తెలుస్తుంది.

జవాబు: పార్కింగ్ చాలా చిన్నది, పొద్దున్నే చేరండి. కింద వాళ్లు చనిపోయిన చోట, రాళ్లు నింపిన 19 ఇనుప జాలీబుట్టలను గొలుసుతో వలయంగా కలిపారు. దయచేసి ఆ వలయం లోపలికి అడుగుపెట్టకండి.