సైన్ ఎక్స్ సగటు మార్పు రేటు: ఒకే లెక్కకు 0.0083, 0.4775 అని రెండు జవాబులు ఎందుకు వస్తున్నాయి?

ప్రశ్న (సత్యనారాయణపురం, విజయవాడ)

పెద్దలకు నమస్కారం. నేను ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరం ఎం.పి.సి. చదువుతున్న విద్యార్థినిని. "ఎక్స్ విలువ పై/6 నుంచి పై/2 వరకు మారినప్పుడు సైన్ ఎక్స్ ప్రమేయపు సగటు మార్పు రేటు కనుక్కోండి" అన్న లెక్క దగ్గర రెండు రోజులుగా ఆగిపోయాను. ప్రమేయం విలువలో వచ్చిన తేడాను ఎక్స్ విలువలో వచ్చిన తేడాతో భాగించాలని నాకు తెలుసు. సైన్ 90° లోంచి సైన్ 30° తీసివేస్తే 0.5 వచ్చింది, 90 లోంచి 30 తీసివేస్తే 60 వచ్చింది, భాగిస్తే 0.0083 వచ్చింది. పుస్తకం చివర మాత్రం జవాబు 3/(2పై) అని, అంటే దాదాపు 0.4775 అని ఇచ్చారు. కోణాలు అవే, సైన్ విలువలు అవే, అయినా ఒక జవాబు మరొకదానికి యాభై రెట్లకు మించి ఉంది.

సరే, మరో దారిలో చూద్దామని, సైన్ ఎక్స్ అవకలజం (ఒక్కొక్క బిందువు దగ్గరి మార్పు రేటు) కాస్ ఎక్స్ కనుక రెండు చివరలలో దాని విలువలైన 0.866, 0 తీసుకుని సగటు కట్టాను. 0.433 వచ్చింది. అది పై రెండింటిలో దేనితోనూ కలవలేదు. నా పొరపాటు ఎక్కడుందో దయచేసి చెప్పగలరు.

సమాధానం (బ్రాడీపేట, గుంటూరు)

అమ్మా, నీ మొదటి జవాబు తప్పు కాదు. దాని పక్కన ప్రమాణం రాయకపోవడం వల్ల తప్పులా కనబడుతోంది. గుంటూరు నుంచి విజయవాడకు వెళ్ళే బండి గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతోందని ఒకరు, నిమిషానికి 1 కిలోమీటరు పోతోందని మరొకరు చెబితే ఇద్దరూ నిజమే చెప్పినట్లు. నీకు వచ్చిన 0.0083 అనేది ఒక్కొక్క డిగ్రీకి సైన్ సగటున ఎంత పెరిగిందో చెబుతుంది. పుస్తకంలోని 0.4775 ఒక్కొక్క రేడియన్‌కు ఎంత పెరిగిందో చెబుతుంది. ఒక రేడియన్ అంటే 180/పై డిగ్రీలు, అంటే దాదాపు 57.3 డిగ్రీలు. నీ 0.00833 ను 57.3 తో గుణించి చూడు, పుస్తకం జవాబే వస్తుంది.

లెక్కలో అంతరాన్ని పై/6, పై/2 అని ఇచ్చారు కనుక హారం పై/2 − పై/6 = పై/3 కావాలి; 0.5 ను పై/3 తో భాగిస్తే 3/(2పై). లవంలో సైన్ విలువ తీసుకునేటప్పుడు డిగ్రీలలో ఆలోచించినా నష్టం లేదు, ఎందుకంటే సైన్ 30° అన్నా సైన్ పై/6 అన్నా ఒకే సంఖ్య. హారంలో మాత్రం కోణమే స్వయంగా వచ్చి కూర్చుంటుంది కాబట్టి దాని ప్రమాణం జవాబును మార్చేస్తుంది. ఎన్నో ఏళ్ళు పాఠం చెప్పిన అనుభవంతో అంటున్నాను, పిల్లలు మార్కులు పోగొట్టుకునేది ఎక్కువగా ఈ హారం దగ్గరే.

సైన్ ఎక్స్ అవకలజం కాస్ ఎక్స్ అన్న మాట కూడా రేడియన్లలోనే నిజం. డిగ్రీలలో కొలిస్తే అది (పై/180) కాస్ ఎక్స్ అవుతుంది.

ప్రశ్న అడిగినవారు

మాస్టారూ, మొదటి సందేహం పూర్తిగా తీరింది. అయితే రేడియన్లలోనే ఆలోచించినా 0.433 కీ 0.4775 కీ మధ్య తేడా మిగిలిపోతోంది. దానికి కారణం ఏమిటి?

సమాధానం (పటమట, విజయవాడ)

చివరల వద్ద ఉన్న రెండు రేట్ల సగటు మొత్తం అంతరపు సగటు రేటుకు తప్పక సమానమవుతుందని చెప్పాలంటే, ఆ రేటు సరళరేఖలా మారుతూ ఉండాలి. కాస్ ఎక్స్ అలా మారదు. 30° కీ 90° కీ మధ్య దాని వక్రం, రెండు చివరలను కలిపి గీసిన గీతకు ఎగువన ఉబ్బెత్తుగా ఉంటుంది; గీతను నమ్ముకుని కట్టిన 0.433 అందుకే తక్కువ వచ్చింది.

చివరలకు బదులు మధ్యబిందువును పట్టుకుంటే విషయం చాలా అందంగా విడిపోతుంది. రెండు సైన్‌ల భేదాన్ని లబ్ధంగా మార్చే సూత్రం మీరు చదివే ఉంటారు: సైన్ బి − సైన్ ఎ = 2 కాస్((ఎ + బి)/2) × సైన్((బి − ఎ)/2). దీన్ని (బి − ఎ) తో భాగించి, అంతరంలో సగాన్ని "హెచ్" అనుకుంటే,

సగటు మార్పు రేటు = కాస్(మధ్యబిందువు) × (సైన్ హెచ్ / హెచ్).

మీ లెక్కలో మధ్యబిందువు 60°, దాని కాస్ 0.5. హెచ్ విలువ పై/6, అంటే 0.5236, సైన్ హెచ్ 0.5, భాగిస్తే 0.9549. రెండింటినీ గుణిస్తే 0.4775. అంతరం ఎంత చిన్నదైతే రెండో భాగం 1 కి అంత దగ్గరవుతుంది, చివరికి మధ్యబిందువు దగ్గరి కాస్ ఒక్కటే మిగులుతుంది. సగటు రేటు నుంచి అవకలజం ఎలా పుడుతుందో ఈ ఒక్క వరుసలో కళ్ళకు కడుతుంది. అదే డిగ్రీలలో చేస్తే రెండో భాగం 1 కి కాక 0.01745 కు, అంటే పై/180 కి చేరుతుంది. మాస్టారు చెప్పిన గుణకం వచ్చేది ఇక్కడి నుంచే.

సగటు రేటు ఎంత దాచిపెడుతుందో తెలియాలంటే మన ఊరి పగటి నిడివిని చూడండి, అది ఇంచుమించు సైన్ వక్రంలా మారుతుంది. విజయవాడలో డిసెంబరు 21 ప్రాంతంలో పగలు దాదాపు 11 గంటల 8 నిమిషాలు, జూన్ 21 ప్రాంతంలో దాదాపు 13 గంటల 6 నిమిషాలు. ఆ 182 రోజులలో పెరుగుదల 118 నిమిషాలు, సగటున రోజుకు 0.65 నిమిషం. మార్చి మూడో వారంలో మాత్రం రోజుకు దాదాపు ఒక నిమిషం చొప్పున పెరుగుతుంది, జూన్ 21 దగ్గర పెరుగుదల ఆగిపోతుంది. ఒక డిసెంబరు 21 నుంచి మరుసటి డిసెంబరు 21 వరకు సగటు కడితే సున్నా వస్తుంది, కానీ ఆ ఏడాదిలో పగలు మారలేదని ఎవరూ అనరు కదా.

సమాధానం (బ్రాడీపేట, గుంటూరు)

పటమట మిత్రుల వివరణ చదివాక ఒక సంగతి చెప్పకుండా ఉండలేకపోతున్నాను. 499 ప్రాంతంలో ఆర్యభటుడు సైన్ పట్టికను ఇచ్చినప్పుడు సైన్ విలువలను కాక, వాటి మధ్య తేడాలనే ఇచ్చాడు. వృత్తపాదాన్ని 24 భాగాలు చేస్తే ఒక్కొక్క చాపం 225 కళలు (కళ అంటే డిగ్రీలో అరవయ్యో వంతు). మొదటి తేడా 225, తరువాత 224, 222, 219 అంటూ తగ్గి చివరిది 7. ఒక్కొక్క తేడాను 225 తో భాగిస్తే వచ్చేది ఆ చిన్న అంతరంలో సైన్ సగటు మార్పు రేటే! వ్యాసార్ధం 3438 కళలుగా తీసుకున్నాడు కాబట్టి చాపమూ అర్ధజ్యా (ఆ పట్టికలోని సైన్ విలువ) ఒకే ప్రమాణంలో ఉంటాయి, అందువల్ల ఆ రేటు మన రేడియన్ రేటుతో కలుస్తుంది.

అమ్మా, నీ లెక్కనే ఆ పట్టికలో వేసి చూడు. 30° వరకు ఎనిమిది తేడాలు, వాటి మొత్తం 1719. మిగిలిన పదహారు తేడాల మొత్తమూ 1719, వాటి చాపం 16 × 225 = 3600. 1719 ని 3600 తో భాగిస్తే 0.4775.

ప్రశ్న అడిగినవారు

కాగితం మీద వేసి చూశాను మాస్టారూ, సరిగ్గా వచ్చింది. కాస్ ఎక్స్‌కు 0 నుంచి పై/2 వరకు సొంతంగా చేస్తే −2/పై, అంటే −0.6366 వచ్చింది. టాన్ ఎక్స్‌కు పై/4 నుంచి 3పై/4 వరకు చేస్తే −4/పై, అంటే −1.273 వచ్చింది. టాన్ అవకలజమైన సెక్ వర్గం ఎప్పుడూ ధనాత్మకమే కదా, మరి సగటు రుణాత్మకం ఎలా అయింది?

సమాధానం (పటమట, విజయవాడ)

కాస్ లెక్క సరైనదే. టాన్ విషయంలో మీ అనుమానం న్యాయమైనది. పై/2 దగ్గర టాన్ ఎక్స్ నిర్వచితం కాదు. దానికి ముందు హద్దు లేకుండా పెరిగి, దాటిన వెంటనే రుణ సంఖ్యల అట్టడుగు నుంచి మళ్ళీ పైకి వస్తుంది. భాగహారం ఒక సంఖ్యను ఇస్తుంది కానీ, మధ్యలో తెగిపోయిన వక్రం మీద ఆ సంఖ్య టాన్ ఎలా మారిందో చెప్పదు. అంతరంలో ఎక్కడో ఒకచోట స్పర్శరేఖ వాలు సగటు రేటుకు సమానమవుతుందని చెప్పే లెగ్రాంజ్ మధ్యమ మూల్య సిద్ధాంతం అంతరమంతా అవిచ్ఛిన్నత, అంటే వక్రం ఎక్కడా తెగకపోవడం, కోరేది ఇందుకే. మీ సైన్ లెక్కలో ఆ షరతు నెరవేరింది కాబట్టి, స్పర్శరేఖ వాలు సరిగ్గా 0.4775 అయ్యే బిందువు 61.5° దగ్గర దొరుకుతుంది. టాన్‌కు అలాంటి బిందువు ఎక్కడా లేదు. కాబట్టి ఏ లెక్కలోనైనా భాగించే ముందు అంతరంలో పై/2 వంటి బిందువు ఉందేమో చూసుకోండి. ఉంటే −1.273 ను జవాబుగా రాయకుండా, ఆ అంతరంలో ప్రమేయం అవిచ్ఛిన్నం కాదని కారణంతో రాయండి.