నొప్పి ఉన్నా అమ్మ చెప్పడం లేదు, ఎలా కనిపెట్టాలి?

మల్లెపందిరి:
మా అమ్మకు 67 ఏళ్లు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ వెన్నెముక దాకా పాకింది. ఇక చికిత్స లేదని ఇంటికి పంపేశారు. ఖమ్మం దగ్గర మా ఊళ్లో ఆరు వారాలుగా నేనే చూసుకుంటున్నాను. ముట్లుడిగిన తర్వాత ఏడాది పాటు రక్తం కనబడుతున్నా అమ్మ ఎవరితోనూ అనలేదు. ఇంట్లో మగవాళ్ల ముందు అనే మాట కాదట.

ఇప్పుడూ అంతే. "నొప్పిగా ఉందా అమ్మా" అంటే "ఫర్వాలేదే" అంటుంది. పక్కకు తిప్పేటప్పుడు మాత్రం కొంగు పళ్ల మధ్య బిగిస్తుంది. నిన్న ఉతకబోతూ చూశాను, ఆ అంచు నలిగి పోగులు లేచిపోయింది. ముగ్గురినీ మంత్రసాని చేతుల్లో కిక్కురుమనకుండా కన్నదని మా నాయనమ్మ ఊరంతా చెప్పుకునేది. పురిట్లో అరవని కోడలే మంచి కోడలు. ఆ పేరును అమ్మ ఇంకా కాపాడుకుంటోంది.

డాక్టరు నొప్పికి మార్ఫిన్ రాశారు. అమెరికాలో ఉన్న అన్నయ్య "వద్దు, అలవాటు పడుతుంది, ప్రాణం తొందరగా పోతుంది" అంటున్నాడు. పెదనాన్న కూడా వాడి మాటే వినమంటున్నారు. రాత్రంతా ఆ మూలుగు వినేది నేను, తేల్చేది వాళ్లు. ఏం చేయాలి?

సిస్టర్_పద్మ:
అమ్మా, నేను ఇళ్లకు వెళ్లి చూసే పాలియేటివ్ కేర్ (నయం కాని జబ్బుల్లో బాధ తగ్గించే వైద్యం) నర్సును. "నొప్పి ఉందా" అని అడగకండి, ఆ తరం ఆడవాళ్లు లేదనే అంటారు. "రూపాయిలో ఎంత? పావలానా, అర్ధా, ముప్పావలానా?" అని అడగండి. నుదురు ముడవడం, పిడికిలి బిగించడం, తిప్పేటప్పుడు ఊపిరి బిగబట్టడం కూడా జవాబులే.

డాక్టరు చెప్పిన మోతాదులో వాడితే మార్ఫిన్ ప్రాణం తీయదు. నోటి మందు ప్రభావం దాదాపు నాలుగు గంటలే, కాబట్టి నొప్పి ముదిరేదాకా ఆగకుండా వేళకు ఇవ్వాలి. మలబద్ధకం తప్పదు, దానికీ మొదటి రోజే మందు అడగండి. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం వల్ల ఆసుపత్రులు మార్ఫిన్ నిల్వ ఉంచడానికే భయపడేవి. 2014 సవరణతో కొంత సులువైంది. తెలంగాణలో చాలా జిల్లాల్లో ప్రభుత్వ పాలియేటివ్ కేంద్రాలున్నాయి, జిల్లా ఆసుపత్రిలో అడగండి.

ఏటిగట్టు:
మా నాన్న చివరి రోజుల్లో ఒక్క కేక వేస్తే ఇంటిల్లిపాదీ పరుగెత్తేవాళ్లం. నాలుగేళ్ల తర్వాత అదే మంచం మీద అమ్మ. తను అరవలేదు, మేమూ అడగలేదు. ఎంత ఓర్పు అని పొగిడాం కూడా. నేను కొడుకుని, తలకొరివి పెట్టాను. నొప్పి మందు మాత్రం పెట్టించలేకపోయాను. మీ అన్నయ్యకు నా మాటలు చదివి వినిపించండి.

మల్లెపందిరి:
చదివి వినిపించాను. చాలాసేపు మాట్లాడలేదు. చివరికి "నువ్వే చూసుకో" అన్నాడు.

పద్మ గారూ, మీరు చెప్పినట్టే అడిగాను. అమ్మ కాసేపు పైకప్పు వైపు చూసి "పదహారణాలూ" అంది. మొదటి మోతాదు రాత్రి ఎనిమిదింటికి ఇచ్చాను. పన్నెండింటికి మళ్లీ ఇవ్వబోతే నిద్రపోతోంది. కొంగు భుజం మీదే ఉంది.