అగ్నిమాపక కేంద్రానికి ఆడిట్ అంటే దేన్ని లెక్కగట్టాలి?

ప్రశ్న (కనిగిరి ప్రాంతం నుంచి)

పెద్దలకు నమస్కారం. మా వైపు పొగాకు బ్యారన్ (ఆకును వేడితో ఆరబెట్టే కొట్టం) గానీ గడ్డివామి గానీ అంటుకుంటే ఫైరింజన్ వచ్చేసరికి బూడిదే మిగులుతుందనే మాట తరచూ వింటాం. ఏడాదిలో చాలా రోజులు బండి షెడ్డులోనే ఉంటుంది కదా, ఇంత ఖర్చు దేనికని అడిగేవారూ ఇక్కడే ఉన్నారు. ఈ శాఖ పనితీరును, దానిపై పెట్టే సొమ్ముకు దక్కే ప్రయోజనాన్ని ఎవరు, ఏ కొలమానంతో తనిఖీ చేస్తారు? ‘కాపాడిన ఆస్తి విలువ’ అని ప్రకటించే అంకెలను నమ్మవచ్చా?

జవాబు 1 (ఒంగోలు, ఆడిట్ విభాగంలో పనిచేసి విరమించినవాడిని)

ఇది రాష్ట్ర ప్రభుత్వ శాఖ కనుక తనిఖీ అధికారం కాగ్ (కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్)ది. ఖర్చుకు రసీదులున్నాయా అని చూడటం ఒక రకం. ఆ ఖర్చు పొదుపుగా, సమర్థంగా జరిగిందా, ఆశించిన ఫలితమిచ్చిందా అని చూసే పనితీరు ఆడిట్ వేరు. రాజ్యాంగం 151వ అధికరణం ప్రకారం ఆ నివేదిక గవర్నరు ద్వారా శాసనసభ ముందుకు వస్తుంది.

కాపాడిన ఆస్తి విలువను నేనైతే ప్రమాణంగా తీసుకోను. కాలిపోకుండా మిగిలినదాని ఖరీదును మంటలార్పినవారే అంచనా వేస్తే, దాన్ని మరొకరు సరిచూసే దారి ఉండదు. సరిచూడగలిగేది సమయం. గ్రామాలకు 20 నిమిషాల్లో చేరాలన్నది స్థాయీ అగ్నిమాపక సలహా మండలి ప్రమాణం. ఆ సమయాన్ని కూడా ఒకే అంకెగా చూడకూడదు. ఫోను అందుకోవడంలో జాప్యమైతే అది 101 నిర్వహణ లోపం. బండి కదలడంలోనైతే డ్రైవరు పోస్టు ఖాళీగా ఉండవచ్చు, లేదా ట్యాంకు నింపి ఉంచలేదు. దారిలోనైతే కేంద్రమే దూరంగా ఉంది. మూడింటికీ మందు వేరు, ఖర్చూ వేరు. ఇక షెడ్డులో ఉన్న బండి వృథా అనడం అన్యాయం, ఎందుకంటే మనం జీతమిచ్చేది సిద్ధంగా ఉన్నందుకే. ఆడిటరు అడగవలసింది నిజంగా సిద్ధంగా ఉందా అని.

జవాబు 2 (నెల్లూరు)

పై జవాబుతో ఏకీభవిస్తూనే ఒక అభ్యంతరం చెబుతాను. శాఖ పేరులోనే విపత్తుల స్పందన ఉంది. 2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు మా జిల్లాకు కావలసినవి పడవలు, తాళ్లు, ఈత వచ్చిన మనుషులు. అగ్నిప్రమాదాల కాల్స్‌నే లెక్కిస్తే ఆ సన్నద్ధతకు పెట్టే ఖర్చంతా దండగలాగే కనిపిస్తుంది. ఇంగ్లండులో 2018 నుంచి స్వతంత్ర తనిఖీ సంస్థ ఒక్కొక్క ఫైర్ సర్వీసునూ పరిశీలించి, ఫలితం, సామర్థ్యం, సిబ్బంది నిర్వహణ అనే మూడు కోణాల్లో నివేదిక ఇస్తోంది. మనకూ అలాంటిది అవసరం.

జవాబు 3 (మార్కాపురం)

నివారణను ఎవరూ ప్రస్తావించలేదు. ఆకు ఆరబెట్టే క్యూరింగు సమయంలో కర్రల నుంచి జారిన ఆకు కాలుతున్న గొట్టాల మీద పడి బ్యారన్ అంటుకోవడం మనకు తెలిసిందే. సీజనుకు ముందు సిబ్బంది ఎన్ని ఊళ్లలో రైతులకు దీనిపై అవగాహన కల్పించారన్నది కూడా ఆడిట్‌లో ఉండాలి, అది చవకైన పని కూడా.

నిధుల సంగతి: 15వ ఆర్థిక సంఘం సిఫార్సుపై కేంద్రం 2023లో రూ. 5,000 కోట్లతో రాష్ట్రాల అగ్నిమాపక సేవల విస్తరణ, ఆధునికీకరణ పథకం ప్రారంభించింది. మన వంటి రాష్ట్రాలు 25 శాతం వాటా భరించాలి. కనిగిరి మిత్రులు సమాచార హక్కు దరఖాస్తులో ఆ సొమ్ముతో మీ కేంద్రానికి ఏం వచ్చింది, దాన్ని నడిపే డ్రైవరున్నాడా అని అడగండి. గత ఏడాది ప్రతి కాల్‌కూ ఫోను అందిన సమయం, బండి బయల్దేరిన సమయం, చేరిన సమయం వేర్వేరుగా కోరండి. సగటు మాత్రం అడగకండి. పట్టణంలో కాల్స్ ఎక్కువైతే దూరపు పల్లెల ఆలస్యం ఆ సగటులో కలిసిపోతుంది.